ఈమెయిల్, వెబ్ బ్రౌజింగ్ కోసం ఎలాంటి ఫోన్ తీసుకోవాలి?

నమస్కారం. నేను కొత్త స్మార్ట్‌ఫోన్ కొనాలనుకుంటున్నాను. ఆటలు ఆడను, ఫోటోల మీద పెద్దగా ఆసక్తి లేదు. మెయిళ్లకు జవాబులు రాయడం, వెబ్‌లో పొడవైన వ్యాసాలు చదవడం, ఇవే నా అవసరాలు. ఇప్పుడున్న ఫోన్‌లో ర్యామ్ (తెరిచి ఉంచిన యాప్‌లను పట్టి ఉంచే తాత్కాలిక మెమరీ) 3 జీబీ మాత్రమే కావడంతో, సగం రాసిన మెయిల్‌ను వదిలి ఏదైనా వివరం కోసం బ్రౌజర్‌లోకి వెళ్తే, అక్కడ ముందే తెరిచి ఉంచిన పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతోంది, చదువుతున్న చోటు కాస్తా పోతోంది. దీనికి 6 జీబీ సరిపోతుందా, లేక 8 జీబీ తీసుకోవడమే మేలా?

తెర విషయంలోనూ సందేహం ఉంది. ఓఎల్ఈడీ తెరలో నల్లటి భాగం వెలగదు కాబట్టి డార్క్ మోడ్‌లో (నల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాలు) బ్యాటరీ ఆదా అవుతుంది. అయితే నేను చదివేవి ఎక్కువగా తెల్లటి పేజీలే. పైగా ఓఎల్ఈడీ తెరలు చాలావరకు వెలుతురు తగ్గించినప్పుడు కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి. గంటల తరబడి చదివేవారికి వెనక నుంచి వెలుగు పడే మంచి ఎల్‌సీడీ తెరే నయమంటారా?

కెమెరాలు ఎన్ని ఉన్నాయన్నది నాకు అనవసరం, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయన్నదే ముఖ్యం. గూగుల్ 2023లో తన పిక్సెల్ 8 ఫోన్‌కి 7 ఏళ్ల అప్‌డేట్లు ప్రకటించింది. అలాంటి హామీ ఉన్న పాత మోడల్ తీసుకోవడం మంచిదా, లేక తక్కువ ధరలో దొరికే కొత్త మోడలా? వాడి చూసినవారు దయచేసి చెప్పగలరు.