చెల్లి ఎంబీబీఎస్‌కు ఇక్కడ బీ కేటగిరీ సీటా, జార్జియానా?

మా చెల్లికి నీట్‌లో 398 వచ్చాయి, కన్వీనర్ కోటాలో రాదని తేలిపోయింది. ఖమ్మం దగ్గర్లోని ఒక ప్రైవేటు కాలేజీలో బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) సీటు వచ్చేలా ఉంది, ఫీజు ఏడాదికి 12 లక్షలు, హాస్టల్ వేరే. జార్జియాలో ఆరేళ్లకు అన్నీ కలిపి 38 లక్షలంటున్నారు.

లోన్ కోసం రెండు బ్యాంకులు తిరిగాం, ఉన్నది పొలమే, దాన్ని తనఖాకు తీసుకోబోమని చెప్పారు. మామయ్య సర్దుతానన్నది 40 లక్షల వరకే. నాకు టెన్షన్ ఇంటర్న్‌షిప్ గురించి. ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2021 రూల్స్ ప్రకారం 54 నెలల కోర్సు, మళ్లీ అదే యూనివర్సిటీలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి కదా, కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన కాగితంలో "5+1" అని ఉంది కానీ ఆ ఒక్క ఏడాది ఏ ఆసుపత్రిలోనో ఒక్క ముక్క లేదు. యూనివర్సిటీకి మూడుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. కన్సల్టెన్సీలో అడిగితే "అందరూ వెళ్తున్నారు సార్" అంటారు, అది నాకు సమాధానం కాదు. తిరిగొచ్చాక ఎఫ్ఎంజీఈ (విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లు రాయాల్సిన పరీక్ష), ఇక్కడ ఇంకో ఏడాది ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పవు, వాటికి చెల్లి సిద్ధమే.

పది రోజుల్లో ఏదో ఒకటి చెప్పాలి. 2021 తర్వాత జార్జియాలో చేరినవాళ్లు చెప్పండి: ఆ ఆరో ఏడాదిని 12 నెలల ఇంటర్న్‌షిప్‌గా మీ యూనివర్సిటీ రాతపూర్వకంగా ఇచ్చిందా?