రష్యన్ మాట్లాడేవాళ్ళకి ఇంగ్లీష్ ప్రాక్టీస్ ఎలా చేయించాలి?

ప్రశ్న: రష్యన్ మాతృభాషగా ఉన్న కొందరికి ఆన్‌లైన్‌లో ఇంగ్లీష్ చెప్తున్నానండీ, అందరిదీ బీ1 స్థాయి, అంటే మధ్యస్థం. ఖాళీలు పూరించమంటే చకచకా నింపేస్తారు, నోరు తెరిస్తే మాత్రం 'ఎ', 'ద' రెండూ మాయం. 'ఐ లివ్ హియర్ ఫైవ్ ఇయర్స్' అంటారు. ఇంకా ఎక్సర్‌సైజులు ఇవ్వడం తప్ప దారి లేదా?

జవాబు: రష్యన్‌లో ఆర్టికల్స్ లేవు, మనకీ లేవు, కాబట్టి వాళ్ళ అవస్థ మీకు తెలియనిదేం కాదు. రూల్స్ మళ్ళీ చెప్పకండి, చిన్న కథలు చెప్పించండి. 'ఎ మ్యాన్ బాట్ ఎ డాగ్. ద డాగ్ బిట్ ద మ్యాన్.' కథలోకి కొత్తగా వస్తే 'ఎ', అప్పటికే తెలిసుంటే 'ద'. రష్యన్‌లో ఈ పని చాలావరకు పదాల వరసే చేస్తుంది, కొత్త సంగతి సాధారణంగా వాక్యం చివర్లో వస్తుంది. ఆ లింకు చూపిస్తే ఇట్టే పట్టుకుంటారు.

ఇంకో జవాబు: టెన్స్‌ల గొడవ వేరే. రష్యన్‌లో కాలాలు మూడే, పని పూర్తయిందా లేదా అన్నది క్రియారూపమే చెప్పేస్తుంది. అందుకే ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటే పూర్తయిన పని అనుకుని 'ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే' అనేస్తారు. జరగబోయేదాని గురించైతే వాళ్ళ భాషలో 'ఇఫ్' లాంటి మాట తర్వాత భవిష్యత్తే వాడతారు, కాబట్టి ఇంగ్లీష్‌లోనూ 'ఇఫ్' తర్వాత 'విల్' వచ్చేస్తుంది.

అడిగినవారు: మరి ఫ్రేజల్ వెర్బ్స్, అదే 'గివ్ అప్' లాంటి జంట మాటలు?

జవాబు: లిస్టులు మాత్రం వద్దండీ బాబూ. ఒక్కోదానితో వాళ్ళ సొంత విషయం మీద వాక్యం చెప్పించండి, వారం తర్వాత అదే మళ్ళీ అడగండి.