సాతాను పారశీకుల దగ్గర్నుంచి వచ్చాడా?

మెట్టుగూడ_బస్సు (చర్చ మొదలుపెట్టినవారు):
మొన్న సికింద్రాబాద్ ఎంజీ రోడ్డులో పార్సీల (పాత పారశీక జొరాస్ట్రియన్ మతంవాళ్ల) అగ్ని ఆలయం ముందు నుంచి వెళ్తుంటే మా ఫ్రెండ్ ఒక బాంబు పేల్చాడు. "సాతాను, దేవదూతలు, చనిపోయినవాళ్లు లేవడం, చివరి తీర్పు, అన్నీ వీళ్లవే. వీళ్ల దగ్గర యూదులు తీసుకున్నారు, యూదుల దగ్గర క్రైస్తవులు, ఇద్దరి దగ్గరా ముస్లింలు" అని. అది 1847 నాటి గుడి. పార్సీలు కానివాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి అక్కడ అడిగే వీల్లేదు. ఇక్కడ అడుగుతున్నా. ఇది ఎంతవరకు నిజం? వాట్సాప్ ఫార్వర్డులు పెట్టకండి ప్లీజ్.

పాతకాగితం:
మీ ఫ్రెండ్ మసాలా కొంచెం ఎక్కువేశాడు కానీ కూర అసలైనదే. బైబిల్ ఉంటే రెండు చోట్ల తెరవండి. 2 సమూయేలు 24, 1 దినవృత్తాంతములు 21. రెండింటిలోనూ దావీదు జనాన్ని లెక్కపెట్టించిన కథే. మొదటిదాంట్లో అతన్ని ప్రేరేపించింది యెహోవా. రెండోదాంట్లో సాతాను! ఈ రెండో పుస్తకం రాసేనాటికి యూదులు పారశీక పాలన చూసేశారు. క్రీ.పూ. 539లో పారశీక రాజు కోరెషు (సైరస్) బబులోనును పట్టుకుని, అక్కడ చెరలో ఉన్న యూదులను ఇళ్లకు వెళ్లనిచ్చాడు. యెషయా 45 అతన్ని అభిషిక్తుడంటుంది. 'మెస్సీయ' అన్న ఆ హీబ్రూ మాటను ఒక పరాయి రాజుకు వాడింది బైబిల్లో అక్కడొక్కచోటే. తర్వాత రెండు వందల ఏళ్లు యూదులు వాళ్ల ఏలుబడిలోనే ఉన్నారు. చనిపోయినవాళ్లు కొందరు నిత్యజీవానికి, కొందరు నిత్య అవమానానికి మేల్కొంటారన్న మాట విస్పష్టంగా వచ్చేది ఇదంతా అయ్యాకే, దానియేలు 12లో.

తెనాలి_పాఠకుడు:
నేను విశ్వాసిని, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. అయినా వాదన వాదనే. పాతకాగితం గారు యెషయా 45లో ఒకటో వచనం దగ్గర ఆగిపోయారు. ఏడో వచనం దాకా రండి. వెలుగునూ చీకటినీ కలుగజేసేది నేనే అంటాడు యెహోవా. వెలుగుకు ఒకడు, చీకటికి ఒకడు అన్న పారశీకుల సిద్ధాంతాన్ని అప్పు తెచ్చుకున్నవాడు అలా రాస్తాడా?

పునరుత్థానం సంగతి: యెహెజ్కేలు 37లో ఎండిన ఎముకల లోయ ఉంది. యెహెజ్కేలు కోరెషు రాకముందే బబులోను చెరలో ఉన్న ప్రవక్త.

అసలు ప్రశ్న ఇది. జొరాస్ట్రియన్ల సృష్టి కథ, ప్రళయ కథ పూర్తిగా దొరికేది బుందహిష్న్ లాంటి పహ్లవీ (నడిమికాలపు పారశీక భాష) గ్రంథాల్లో. అవి ఇప్పుడున్న రూపానికి వచ్చింది క్రీ.శ. 9వ శతాబ్దంలో. అంటే ఇస్లాం ఇరాన్‌కు వెళ్లిన రెండు వందల ఏళ్లకు! ఎవరు ఎవరిని చూసి రాశారో ఎలా చెప్తారు?

వేదభూమి_77:
ఇంత గొడవ దేనికి? వాళ్ల అహుర అంటే మన అసుర. యస్న అంటే యజ్ఞం. హఓమ అంటే సోమ. హప్త హెందు అంటే సప్తసింధు. అంతా మన వేదాల్లోంచి పోయిందే. ఇక్కడినుంచి ఇరాన్‌కు, అక్కడినుంచి యెరూషలేముకు. కేస్ క్లోజ్.

దిబ్బమీద_దీపం:
వేదభూమి అన్నా, ఆ జంట మాటలన్నీ కరెక్టే. తీర్పే తప్పు. అన్నదమ్ములకు ఒకే ముక్కు ఉంటే ఒకడు ఇంకొకడికి తండ్రి అయిపోడు కదా. వాళ్ల ప్రవక్త జరతుష్ట్రవని చెప్పే 17 గాథల (పాటల) భాష ఋగ్వేద సంస్కృతానికి ఎంత దగ్గరంటే, ధ్వనులు మార్చే సూత్రాలు తెలిస్తే కొన్ని పాదాలను దాదాపు సంస్కృతంలోకి తిప్పేయొచ్చు. రెండూ ఒకే తల్లి భాష పిల్లలు. పైగా ఇల్లు పంచుకున్నాక పేర్లు తిరగబడ్డాయి. వాళ్లకు 'దఎవ' అంటే దెయ్యం. వాళ్ల వెందిదాద్ గ్రంథంలో ఇంద్రుడు దెయ్యాల జాబితాలో ఉంటాడు. ఇటుపక్క, ఋగ్వేదంలో వరుణుణ్ణి అసురుడని గౌరవంగానే పిలుస్తారు, అది తిట్టుగా మారింది తర్వాత.

ఇంకోటి, ఇది నాకు భలే ఇష్టం. వాళ్ల మతంలో అన్నిటికంటే పెద్ద పాపం అబద్ధం. వాళ్ల పవిత్ర గ్రంథం అవెస్తాలో 'ద్రుజ్'. ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండ మీద పారశీక రాజు దరియస్ క్రీ.పూ. 520 ప్రాంతంలో చెక్కించిన శాసనంలో 'ద్రౌగ'. తిరుగుబాటు చేసిన ప్రతివాణ్ణీ "అబద్ధమాడాడు" అనే తిడతాడు. ఆ మాటకు సంస్కృతంలో చుట్టం 'ద్రోహం'. మనం రోజూ వాడే ద్రోహమే.

అదే శాసనం పాతకాగితం గారికి ఇబ్బంది కూడా. అందులో వాళ్ల దేవుడు అహురమజ్దా పేరు డజన్లసార్లు వస్తుంది. జరతుష్ట్ర పేరు ఒక్కసారీ లేదు, ఆ దేవుడికి ఎదురు నిలిచే చెడు ఆత్మ అహ్రిమన్ పేరూ లేదు. ఇక కోరెషు తన సిలిండర్ ఆకారపు మట్టి దిమ్మ మీద బబులోను దేవుడు మర్దుక్ తనను ఎన్నుకున్నాడని రాయించుకున్నాడు. ఎన్నికలప్పుడు మన నాయకులు గుడికీ, దర్గాకీ, చర్చికీ వెళ్లినట్టు. ఆయన్ని జొరాస్ట్రియన్ మత ప్రచారకుడిలా చూపించడం కుదరదు.

కానీ తెనాలి గారూ, 9వ శతాబ్దం వాదన కూడా పూర్తిగా నిలబడదు. గ్రంథం ఆలస్యమైనంత మాత్రాన నమ్మకం ఆలస్యమైనట్టు కాదు, ఇవన్నీ నోటితో నేర్చుకున్నవి. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు థియోపాంపస్, మనుషులు మళ్లీ బతుకుతారని పారశీక పూజారులు చెప్తారని రాశాడు. ఆ ముక్క తర్వాతి గ్రీకు రచయితల వల్ల మనకు మిగిలింది. పహ్లవీ పుస్తకాలకు వెయ్యేళ్లకు పైగా ముందు మాట! ఎండిన ఎముకలంటారా, అదే అధ్యాయం 11వ వచనం చూడండి. ఆ ఎముకలు ఇశ్రాయేలు జనమని అక్కడే ఉంది. పోయిన దేశం మళ్లీ లేవడం గురించి అది.

నా లెక్కలో కాదనలేని అరువు ఒకటుంది. తోబీతు అనే పాత యూదు గ్రంథంలో శారా అనే అమ్మాయికి ఏడుగురు మొగుళ్లను పెళ్లిరాత్రే చంపేసే దెయ్యం, అస్మోదేయు. ఎక్కువమంది పండితులు ఆ పేరును అవెస్తాలోని 'అఎష్మ' అనే కోపపు దెయ్యం, 'దఎవ' కలిసిన మాటగానే చూస్తారు. శారా కథ జరిగేదీ మాదీయుల దేశంలో, అంటే ఇరాన్‌లో. పేరు దొరికింది, ఊరు దొరికింది. ఇంకేం కావాలి?

తెనాలి_పాఠకుడు:
బ్రదర్, తోబీతు మా బైబిల్లో లేదు. కథోలికుల బైబిల్లో ఉంటుంది.

దిబ్బమీద_దీపం:
నిజమే, మీ బైబిల్లో లేదు. ఆ కాలపు యూదుల చేతుల్లో మాత్రం ఉంది. దాని ముక్కలు అరామిక్‌లోనూ హీబ్రూలోనూ మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో దొరికాయి. అదే గుహల్లో దొరికిన 'సమాజ నియమావళి' (ఒక యూదు బృందం నియమాల పుస్తకం) చదవండి. వెలుగుల అధిపతి, చీకటి దూత, మనిషి లోపల ఆ ఇద్దరి పెనుగులాట. గాథల్లో 30వ యస్న (అధ్యాయం)లో కవల ఆత్మలు మంచినీ చెడునీ ఎంచుకునే ఘట్టం పక్కన పెట్టి చూస్తే పోలిక తెలిసిపోతుంది. అయితే మీ యెషయా వాదన ఇక్కడే గెలుస్తుంది. కుమ్రాన్ వాళ్ల ప్రకారం ఆ రెండు ఆత్మలనూ చేసింది దేవుడే. తెచ్చుకున్నారు, కానీ యెహోవా కింద కూర్చోబెట్టారు.

కర్నూలు_కమాన్:
మా వైపు మాట కూడా ఒకటి. స్వర్గంలో పై అంతస్తును మేం జన్నతుల్ ఫిర్దౌస్ అంటాం. ఆ ఫిర్దౌస్ మూలం పాత ఇరాన్ మాటే, చుట్టూ గోడ కట్టిన తోట అని అర్థం. హదీసుల్లో నరకం మీద వంతెన ఉంటుంది, వాళ్లకు చనిపోయినవాళ్లు దాటాల్సిన చిన్వత్ వంతెన ఉంది. పోలిక ఉందని నేనూ ఒప్పుకుంటా. ఖురాన్ 22:17లో 'మజూస్' అని వాళ్ల పేరు కూడా వస్తుంది, అంటే తెలియనివాళ్లేం కాదు. కానీ పోలిక చూపించగానే "కాపీ" అనడమే నాకు నచ్చదు.

పాతకాగితం:
సరే, కోరెషు విషయంలో వెనక్కి తగ్గుతున్నా. దినవృత్తాంతముల విషయంలో తగ్గను.

తెనాలి_పాఠకుడు:
ఆ 'సాతాను' అక్కడ ఎదిరి అన్న మామూలు మాటే కావచ్చనీ, ఎవరో శత్రురాజనీ చెప్పేవాళ్లున్నారు. దేవుడికి ఎదురు నిలిచే అహ్రిమన్ లాంటివాడు ఆ వచనంలో నాకు కనిపించడం లేదు. యోబులో సాతాను దేవుణ్ణి అడిగి పర్మిషన్ తీసుకుని మరీ వెళ్తాడు. ఉద్యోగిలా ఉంటాడు, శత్రువులా కాదు.

మెట్టుగూడ_బస్సు:
అమ్మో, చాలా ఉంది. మా ఫ్రెండ్‌కు తోబీతు లింకు పంపించా. "ఒక్క దెయ్యమే దొరికిందా" అని రిప్లై ఇచ్చాడు.

వేదభూమి_77:
ఇంద్రుణ్ణి దెయ్యమన్నవాళ్లతో నాకు చుట్టరికం వద్దు. హఓమ వరకైతే ఒప్పుకుంటా.