దక్కనీ గొర్రె ఉన్ని ఇంట్లో కడిగితే పిడకలా ముద్దయింది, ఇంకో బస్తా ఉంది, ఏం చెయ్యను?

తకిలీ పిల్ల

అందరికీ నమస్తే. ఇక్కడ ఎక్కువమంది పత్తి వడికేవాళ్లే అని తెలుసు, అయినా అడుగుతున్నా. ఏడాదిగా తకిలీ మీద పత్తి వడుకుతున్నా, ఈమధ్య ఆన్‌లైన్‌లో మెరినో (మెత్తటి గొర్రె ఉన్ని) ఏకులు, అంటే వడకడానికి దువ్వి చుట్టిన ఉన్ని చుట్టలు, కొని అవి కూడా అలవాటు చేసుకున్నా. పోయిన నెల సిద్దిపేట దగ్గర మా మేనమామ వాళ్ల ఊరెళ్తే పక్కింటాయన గొర్రెల బొచ్చు కత్తిరిస్తున్నాడు, నల్లగా నిగనిగలాడుతూ ఉంది, దీన్నేం చేస్తారు అని అడిగితే "ఎవలు కొంటున్నరు బిడ్డా, పారేసుడే" అన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. రెండు యూరియా బస్తాల నిండా కుక్కి బస్సులో హైదరాబాద్ తెచ్చుకున్నా, కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు, పక్క సీటామె చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది, అది వేరే కథ.

ఇంటికొచ్చాక ఆత్రం ఆగక ఒక బస్తాలో సగం వాషింగ్ మెషీన్‌లో వేసి, మామూలు సర్ఫ్ పోసి, వేడినీళ్ల మోడ్ పెట్టా. గంట తర్వాత మూత తీస్తే ఉన్ని లేదు, తడి పిడక ఉంది. లాగితే ఊడదు, దాన్నిండా ముళ్లు, గడ్డి. మెషీన్ పైపు జామ్ అయింది, మెకానిక్‌కి ఐదొందలు. అమ్మ అయితే ఇంట్లో గొర్రె చచ్చిన వాసన వస్తోందని రెండో బస్తా బాల్కనీలోకి తోసేసింది.

వేడినీళ్లా చన్నీళ్లా, ఏ సబ్బు, ఈ ముళ్లు ఎలా తియ్యాలి, కడక్కుండానే వడకొచ్చా, ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్. మా అక్కకి పాప పుట్టింది, దానికో టోపీ అల్లాలని నా ఆశ.

పాలమూరోడు

చెల్లె, నవ్వొచ్చింది గని బాధ కూడ అయింది. మేం కురుమలం, మా నాయినమ్మ చనిపోయే దాక కదురు ఇడ్వలే, మా తాత గుంట మగ్గం మీద గొంగళ్లు నేసేటోడు, గందుకే చెప్తున్న. నీళ్లల్ల పెట్టుడు ఆఖరి పని, నువ్వు మొదలే అది జేసినవ్.

మా దిక్కు ఉన్ని కడుగుడు అనేదే తక్కువ, గొర్రెనే కడుగుతరు. కత్తిరించే ముందు మందను చెర్లకు తోలి ఈత కొట్టిచ్చి మంచిగ రుద్ది, ఒళ్లు ఆరినంక అప్పుడు కత్తెర పెడ్తరు. మీ మామ పక్కింటాయన పారేసే ఉన్ని అనుకున్నడు గద, కడిగి ఉండడు, గందుకే గంత మట్టి. ఇప్పుడు ఏం జెయ్యాల్నంటె, నులక మంచం ఉంటె ఎండల ఏస్కో, లేకుంటె కిటికీ దోమల జాలి రెండు కుర్చీల నడుమ కట్టు, దాని మీద ఉన్ని పల్సగ పర్చి రెండు సన్న కట్టెలు పట్టుకోని మెల్లగ కొట్టు. మన్ను అంత కిందికి రాల్తది, నువ్వే ఆశ్చర్యపోతవ్ ఎంత రాల్తదో. మూతికి గుడ్డ కట్టుకో.

తర్వాత ఏరుడు. గొంగట్ల తినుకుంట ఎంటికలు ఏరినట్టు అంటరు గద, గిది గదే పని, ఓపిక లేకుంటె మొదలే పెట్టకు. తోక కాడిది, తొడల మీదిది, పొట్ట కిందిది పక్కకు తియ్యి, పెంటికలు అంటుకోని ఉంటది, అది మిరప చెట్లకెయ్. మెడ, భుజం, పక్కల మీదిది అసలు సరుకు. మరులమాతంగి కాయలుంటె చేత్తోటి గుంజకు, చుట్టు ఉన్నిని విప్పి కాయను ఒదిలిపియ్యి. పల్లేరు అట్లనే. ఉత్తరేణి గింజలు మాత్రం పీడ, అవి గట్టిగ ఉన్నకాడ ఆ కుచ్చే కత్తిరించి పారెయ్, ఒక్క గుప్పెడు ఉన్ని కోసం రోజంత కూసోవద్దు. కొందరు గొర్ల మీద గుర్తుకు రంగు పూస్తరు, ఆ రంగు ఎన్నడు పోదు, అది కూడ కత్తిరిచ్చెయ్.

పాప టోపీ ముచ్చట, కోపం జేస్కోకు, మర్చిపో. దక్కనీ ఉన్ని మోటుది, ఎంత కడిగినా దూది గాదు. గొంగడి కొత్తల కప్పుకుంటె పెద్దోళ్లకే ఒళ్లు గీరుకుంటది, నెలల పిల్ల నెత్తి మీద పెడ్తె ఊర్కుంటదా. వానల కొప్పెర పెట్టుకోని గొర్లు కాసెటోనికి నీళ్లు జారిపోయే ఉన్ని అది, దాని పని దానిది. కూసునే ఆసనం, సంచి, కాళ్లు తుడ్సుకునే పట్ట, గివి జెయ్యి. ఎప్పుడన్న గొర్రెపిల్లల మొదటి కత్తిరింపు దొరికితె అది కొంచెం మెత్తగుంటది, అప్పుడు సూద్దాం.

దూరదేశం ఉన్ని

తకిలీ పిల్ల గారూ, నాకూ మొదటిసారి ఇదే జరిగిందండి, మా ఆయన దాన్ని ఇప్పటికీ గ్యారేజీలో కారు తుడవడానికి వాడతారు. మాది గుంటూరు, పదేళ్లుగా న్యూజిలాండ్‌లో ఉంటున్నాం, ఇక్కడ పొలాల వాళ్లని అడిగితే రామ్నీ గొర్రె ఉన్ని మొత్తం ఒకే పొరలా, దుప్పటిలా చేతిలో పెట్టేస్తారు, ఒక్కోటి నాలుగైదు కిలోలు.

ముద్ద ఎందుకయిందంటే, ఉన్ని వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి, వేడికి సబ్బుకి అవి విచ్చుకుంటాయి, ఆ టైంలో అటూ ఇటూ తిప్పితే ఒకదాన్లో ఒకటి ఇరుక్కుని ఇక విడిపోవు. అంటే వేడి ఒక్కటే తప్పు కాదండి, వేడిలో రుద్దడం తప్పు, వేడినీళ్లలోంచి తీసి టక్కున చన్నీళ్లలో ముంచడం ఇంకా తప్పు. పైగా మామూలు డిటర్జెంట్ పౌడర్లలో మాంసకృత్తుల మరకలు పోవడానికి ఎంజైములు వేస్తారు, ఉన్ని కూడా మాంసకృత్తే కదా, దాన్నీ కొరుకుతాయి. బట్టల సోడా అసలే వద్దు, క్షారం తగిలితే ఉన్ని పెళుసైపోతుంది.

నేను చేసేది చెప్తాను. పాత దోమతెర గుడ్డతో సంచులు కుట్టుకున్నాను, ఒక్కోదాన్లో పావుకిలో వదులుగా పెడతా. టబ్‌లో 60 డిగ్రీల నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, సంచి పైన పెట్టి దాని అంతట అది మునిగేదాకా వదిలేస్తా, వేలు కూడా పెట్టను. పావుగంట, ఇరవై నిమిషాలు, నీళ్లు చల్లారకముందే తీసెయ్యాలి. ఎందుకంటే ఉన్ని జిడ్డు 40 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నీళ్లు అంతకంటే చల్లబడితే కరిగిందల్లా మళ్లీ ఉన్నికే గడ్డకట్టుకుంటుంది. మళ్లీ అంతే వేడి నీళ్లు, మళ్లీ లిక్విడ్, తర్వాత రెండుసార్లు ఉత్త నీళ్లు, అవి కూడా అదే వేడి. పిండకూడదు. మెషీన్‌లో నీళ్లు రాకుండా స్పిన్ ఒక్కటే పెట్టుకోవచ్చు, అది పర్లేదు, ఉన్ని డ్రమ్ముకి అతుక్కుని కూర్చుంటుంది గానీ రాసుకోదు. ఆరబెట్టడం నీడలో, గాలి తగిలేలా.

పాలమూరోడు

అక్కా మీరు చెప్పింది మీ గొర్రెకు కరెక్టే, మా గొర్రెకు అంత జిడ్డు ఏడిదక్కా. మట్టి పోతె సగం పని అయినట్టే. మా నాయినమ్మకు 60 డిగ్రీలు అంటె ఏందో తెల్వది, కుంకుడుకాయలు నలగ్గొట్టి ఉడకబెట్టి ఆ రసంల, చెయ్యి పెడ్తె సుర్రుమనని గోరువెచ్చటి నీళ్లల్ల ముంచి తీసేది, అంతే. అది కూడ మరీ మురికిగ ఉన్నదానికే.

దూరదేశం ఉన్ని

అయ్యుండొచ్చు తమ్ముడూ, నేను దక్కనీ ఎప్పుడూ ముట్టుకోలేదు. అయితే ఊహించక్కర్లేదు, ఒక చిన్న కుచ్చు దులిపి తెల్ల కాగితాల మధ్య పెట్టి పైన వేడి ఇస్త్రీపెట్టె కాసేపు ఆనించమనండి. బజ్జీల పొట్లంలా నూనె మరక పాకితే నా పద్ధతి, పాకకపోతే మీ నాయనమ్మ గారి పద్ధతి. కుంకుడుకాయకి నా ఓటు కూడా ఉంది, హైదరాబాద్ బోరు నీళ్లలో సబ్బు వాడితే తెల్ల తెట్టు కట్టి ఉన్నికి పట్టుకుంటుంది, కుంకుడుకాయకి ఆ బాధ లేదు.

పశువుల డాక్టరు

మధ్యలో దూరుతున్నందుకు సారీ, నేను ప్రభుత్వ పశువైద్యశాలలో చేస్తాను, ఒక్క విషయం ఎవరూ చెప్పలేదు. ఉన్ని బతికున్న, ఆరోగ్యంగా ఉన్న గొర్రెదేనా అని తప్పకుండా అడగండి. ఉన్నట్టుండి చచ్చిపోయిన గొర్రె బొచ్చు ఎవరైనా ఊరికే ఇస్తున్నా తీసుకోవద్దు. దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్, దాని బీజాలు బొచ్చులో, మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, గోరువెచ్చటి నీళ్లకీ కుంకుడుకాయకీ చావవు. 1800ల్లో ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల్లో ఉన్ని ఏరే కూలీలు ఊపిరాడక చచ్చిపోయేవాళ్లు, ఆ జబ్బు పేరే ఉన్ని ఏరేవాళ్ల జబ్బు, తర్వాత తేలింది అది ఇదేనని. భయపెట్టాలని కాదు, మీరు కళ్లముందు కత్తిరించింది తెచ్చుకున్నారు కాబట్టి పెద్ద సమస్య లేదు. అయినా దులిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి, చేతికి గాయాలుంటే గ్లవ్స్ వేసుకోండి, వంటింట్లో చెయ్యకండి. పిడుదుల మందు ఎప్పుడు కొట్టారో కూడా ఆయన్ని అడగండి, ఈమధ్యే కొట్టి ఉంటే ఆ మందు ఉన్ని మీదే ఉంటుంది.

ఇంకోటి, యూరియా బస్తాలోంచి వెంటనే తీసెయ్యండి. ఆ ప్లాస్టిక్ పోగులు ఊడి ఉన్నిలో కలిస్తే ఏరలేరు, రంగు వేసినా వాటికి అంటదు. పాత కాటన్ చీర మూట కట్టండి, గాలి ఆడుతుంది.

కోవూరు బుల్లోడు

మాకు నెల్లూరు జాతి గొర్రెలు నలభై ఉండాయి, వాటి బొచ్చు పనికొస్తదా అన్నా?

పాలమూరోడు

రాదు తమ్మి. నెల్లూరు గొర్రె మాంసం జాతి, దానికి ఉండేది పొట్టి వెంట్రుకలే, ఉన్ని గాదు. మా ఊర్ల కూడ కోతకు లాభం అని అందరు ఎర్ర గొర్లకే పోతున్నరు, నల్ల ఉన్ని గొర్రె ఉన్న మందలు రెండే మిగిలినయ్.

పొందూరు పోగు

కడగడం గురించి అందరూ చెప్పేశారు, ఏకడం, అంటే వడికేముందు దువ్వి విప్పడం గురించి నేను చెప్తాను. మాది శ్రీకాకుళం జిల్లా, మా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు, ఆ సంబరంలో నేను ఒకసారి ఉన్ని మీద ట్రై చేశాను, పళ్లన్నీ విరిగిపోయాయి, మా పిన్ని నాలుగు తిట్లు తిట్టింది. పత్తి పీచు అంగుళం, ఉన్ని దానికి రెండింతలు మూడింతలు, ఆ పనిముట్టు దీనికి కాదు. అసలు దువ్వెనలు ఇక్కడ దొరకడం కష్టం కాబట్టి కుక్కలకి దువ్వే వంకర తీగల బ్రష్షులు రెండు కొనండి. ముందు చేత్తోనే ఒక్కో కుచ్చూ రెండువైపులా లాగి మబ్బు తునకలా విప్పుకోవాలి, ఇది ఎగ్గొట్టి నేరుగా బ్రష్ మీద వేస్తే ఉన్ని తెగి ఉండలు కడుతుంది, ఆ ఉండలు దారంలో మొటిమల్లా కనపడతాయి. తర్వాత ఒక బ్రష్ మీద పల్చగా పట్టించి రెండోదాంతో తేలిగ్గా లాగాలి. తీగలు తీగలు గీసుకున్న చప్పుడు వస్తోందంటే గట్టిగా నొక్కుతున్నారని అర్థం. మూడు నాలుగు సార్లు మార్చాక పెన్సిల్‌కి చుట్టి తీస్తే ఏకు. ఉన్ని మరీ పొడిగా ఎగిరిపోతుంటే అరచేతికి ఒక్క చుక్క కొబ్బరినూనె రాసుకోండి, రెండో చుక్క వద్దు.

వడికేటప్పుడు పత్తి అలవాటు మర్చిపోవాలి. పత్తికి పురి బాగా ఎక్కాలి, లేకపోతే తెగుతుంది. ఉన్నికి అంత పురి పెట్టారనుకోండి, ఏకై వచ్చి మేకైనట్టు మీ దారం ఇనప తీగ అయిపోతుంది. అందుకే గాంధీ గారి పెట్టె రాట్నం మీద దీన్ని పెట్టకండి, దాని కదురు చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు బోలెడు చుట్లు తిరిగేస్తుంది. నెమ్మదిగా తిరిగే బరువైన కదురు కావాలి. మీ పత్తి తకిలీ కూడా తేలిక, కింద మట్టి బిళ్ల గానీ చెక్క బిళ్ల గానీ అతికించి చూడండి.

తకిలీ పిల్ల

అప్‌డేట్ ఇస్తున్నా, మూడు ఆదివారాలు పట్టింది. ఇస్త్రీపెట్టె టెస్ట్ చేశా, కాగితం మీద కొంచెం మట్టి తప్ప నూనె రాలేదు, పాలమూరు అన్న గెలిచాడు. డాక్టర్ గారు చెప్పినట్టు మామయ్యకి ఫోన్ చేయించా, మందు కొట్టి నాలుగు నెలలైందట.

అరకిలో తూచి మొదలెట్టా. టెర్రస్ మీద దోమల జాలి కట్టి కొట్టి, ఏరితే 410 గ్రాములు మిగిలింది, అంటే 90 గ్రాములు మన్నూ ముళ్లే. డజను కుంకుడుకాయలు ఉడకబెట్టి బకెట్ గోరువెచ్చటి నీళ్లలో కలిపి ముంచా, మొదటి నీళ్లు డికాషన్ రంగు వచ్చాయి, మూడోసారికి తేటపడ్డాయి. చెయ్యి పెట్టి ఒక్కసారి నలుపుదామని ఎంత అనిపించిందో, చేతులు కట్టుకుని కూర్చున్నా. ఆరాక 350. బ్రష్షుల మీద ఏకేసరికి పొట్టి ముక్కలన్నీ రాలిపోయి 280. తడిసినప్పుడు మాత్రం వాసన రెట్టింపైంది, అమ్మ మళ్లీ మొదలెట్టింది, ఆరాక పోయింది లెండి.

నల్లది అనుకున్నా గానీ ఎండలో చూస్తే చివర్లు ఎర్రటి గోధుమ రంగు, మొదళ్లు నలుపు, అక్కడక్కడా బూడిద. రంగులు విడదీద్దామనుకుని మళ్లీ కలిపేశా, కలిసిన దారమే బాగుంది. తకిలీకి చెక్క బిళ్ల అతికించా, మొదటి రెండు ఉండలు కొబ్బరి తాడులా వచ్చాయి, మూడోది పర్లేదు. ఒక చిన్న ముక్క అల్లి మెడ దగ్గర పెట్టుకున్నా, ఐదు నిమిషాలు ఓర్చుకోలేకపోయా. పాప టోపీ మెరినోతోనే. దీంతో నాన్నకి పూజ దగ్గర కూర్చునే ఆసనం మొదలెట్టా.

అన్నా, గొంగడికి చింతగింజల గంజి పెడతారని విన్నా, నా దారానికి కూడా పెట్టాలా?

పాలమూరోడు

వద్దు చెల్లె, అది మగ్గం మీద పడుగుకు, నేసెటప్పుడు పోగులు లేచి ఒకదానికొకటి అంటుకోకుండ. చేత్తోటి అల్లెటిదానికి పెడ్తె కర్ర లెక్క అయితది, ఎలుకలు కూడ కొడ్తయ్. దారాన్ని ఉండ లెక్క ఉంచకు, కుర్చీ ఈపుకు చుట్టి చిలప తీసి, ఒక్కపారి తడిపి, కింద చిన్న బరువు కట్టి ఎండకు ఏలాడదియ్యి, పురి కుదురుకుంటది, అప్పుడు అల్లు. మిగిలిన ఉన్నిల ఎండిన వేపాకు ఏస్కో గని దాన్నే నమ్ముకోకు, నెలకోపారి ఎండల పర్సి దులుపు, లేకుంటె పురుగు తింటది. మీ మామ పక్కింటాయన్ను మళ్ల కత్తిరించే ముందు గొర్లను చెర్ల కడగమని చెప్పు, కిలోకు ఎంతో కొంత ఇస్తనను, ఉత్తగ అడిగితె కడగడు.