దేవరకొండ కోట మీద ఉరుములు మొదలైతే ఆగాలా, దిగాలా?

ఎండాకాలం ఆదివారాల్లో నలుగురం నల్గొండ వైపు గుట్టలు ఎక్కుతుంటాం. మొన్న దేవరకొండ కోట పైన ఉండగా మధ్యాహ్నం 2:50కి పడమర మొగులు కమ్మింది. మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెడితే 18 సెకన్లు, అంటే దాదాపు 6 కిలోమీటర్లు. ఐదు నిమిషాల్లో అది 9 సెకన్లకు వచ్చింది. పొద్దున చూస్తే ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

ఫోన్‌లో పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఉంది, కానీ పైన సిగ్నల్ లేదు. దిగాక అలర్ట్‌లు వరసగా మోగాయి, ఏం లాభం! మధ్యాహ్నంలోపే దిగాలనుకున్నాం, కారు పంచరై ఎక్కడమే 11 దాటింది. చెట్ల కింద నిలబడకుండా, ఒకరికొకరు దూరంగా నడిచాం.

అక్కడి నుంచి కారు దాకా 40 నిమిషాలు. చాలావరకు బోడి బండ, చినుకు పడితే సబ్బులా జారుతుంది. ఒకడి మోకాలు చెక్కుకుపోయింది. దగ్గర్లో పాత రాతి దర్వాజా ఉంది కానీ రెండు వైపులా తెరిచే ఉంది, గోడలు తడి. అందులో ఉంటే పిడుగు నుంచి రక్షణ దొరుకుతుందో లేదో తెలియక టెన్షన్‌తో దిగిపోయాం.

ఉరుము 9 సెకన్ల దూరంలో ఉన్నప్పుడు అలాంటి దర్వాజాలో ఆగడం మంచిదా, తడి బండ మీదుగానే దిగిపోవడం మంచిదా?