గాత్రం తేటగా వినిపించే, తక్కువ ధర హెడ్‌ఫోన్ ఏది?

నేను ఎక్కువగా గాత్రం, వయొలిన్, వేణువు వింటాను కాబట్టి, బేస్ దద్దరిల్లడం కన్నా గాయకుల ఊపిరి సైతం తెలిసేంతగా మధ్య స్థాయి ధ్వనులు స్వచ్ఛంగా ఉండటమే నాకు ముఖ్యం. అయితే ‘స’, ‘ష’ అక్షరాల దగ్గర చెవిలో గుచ్చుకునే పదును మాత్రం భరించలేను. ఆంప్లిఫయర్ లేకుండా నేరుగా ఫోన్‌కే తగిలించి వాడతాను.

1984లో వచ్చి నేటికీ దొరుకుతున్న కాస్ పోర్టా ప్రో నా బడ్జెట్‌కు సరిపోతుంది, మడిచి సంచిలోనూ పెట్టుకోవచ్చు; కానీ దానిలో బేస్ కాస్త ముందుకు వస్తుందని, అదే సంస్థ కేఎస్‌సీ75లో పై స్థాయి ధ్వనులు మరింత ప్రస్ఫుటంగా ఉంటాయని చదివాను. రెండింటి ఇంపిడెన్సూ (విద్యుత్తుకు చూపే అవరోధం) 60 ఓమ్‌లే కాబట్టి, ఆ విషయంలో తేడా లేదు.

రెండూ విన్నవారు దయచేసి చెప్పగలరా: ఫోన్‌లోని ఈక్వలైజర్‌లో (ధ్వని స్థాయిలను విడివిడిగా పెంచే, తగ్గించే సదుపాయం) 100 హెర్ట్జ్ చుట్టూ ఉండే బేస్‌ను కొద్దిగా తగ్గిస్తే పోర్టా ప్రోలో గాత్రం తేటపడుతుందా, లేక మొదటే కేఎస్‌సీ75 తీసుకోవడం మేలా?