అప్‌డేట్: టైం లేకుండా టారో (బొమ్మల కార్డులతో జోస్యం) ఎలా నేర్చుకోవాలని అడిగాను కదా

డ్యూటీ, పిల్లలతో 78 కార్డులు ఎలా గుర్తుంటాయని అడిగితే రోజుకో కార్డు చాలన్నారు కదండీ, అదే పట్టుకున్నాను. విజయనగరం నుంచి చీపురుపల్లి పాసింజర్లో కూర్చుని అర్థాల పుస్తకం తియ్యకుండా ముందు బొమ్మలో ఏటుందో నోట్‌బుక్‌లో రాస్తాను, తర్వాతే పుస్తకం. నాది 1909లో వచ్చిన పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మల డెక్కే, మైనర్ ఆర్కానా అనే చిన్న కార్డుల్లో కూడా కథ ఉంటది. ఫైవ్ ఆఫ్ కప్స్‌లో నల్లటి ముసుగు కప్పుకున్న మనిషి ఒలికిపోయిన మూడు కప్పులే చూస్తుంటాడు, వెనక రెండు నిలబడే ఉన్నాయి, ఒకసారి చూశాక ఇంక మర్చిపోతామా! మా వదినకి ఆ కార్డే వస్తే, వెనక ఆ రెండూ ఏటమ్మా అని తనే అడిగింది, చాలాసేపు మాట్లాడుకున్నాం. కప్స్ మనసు, పెంటకిల్స్ డబ్బు, అలా సూట్లు (పేకలో ఆటీను, ఇస్పేటు లాంటి గుంపులు) పట్టేస్తే ఆ 56 చిన్న కార్డుల బరువు బాగా తగ్గుతుంది. మేజర్ ఆర్కానా అనే మిగతా 22 పెద్ద కార్డులు దసరా సెలవుల్లో చూస్తాను, తలకిందులుగా పడిన కార్డుల అర్థాల జోలికి ఇప్పుడే వెళ్లను. అందరికీ థ్యాంక్సండీ.